పది లక్షలను రోమన్ అంకెల్లో రాయవచ్చా?

నిర్మల_తెనాలి
మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. రోమన్ అంకెల పాఠం అయ్యాక పిల్లలందరినీ తలా ఒక చార్టు తయారుచేసి తెమ్మన్నారు. ఒకటి నుంచి వంద దాకా ఓపికగా రాసి, ఐదు వందలు, వెయ్యి కూడా చేర్చి, అడుగున కాస్త ఖాళీ మిగిలిందని మా అమ్మాయి తనంతట తానే పది లక్షలను కూడా రాసింది. ఎం అక్షరం వేసి దాని నెత్తిన అడ్డగీత గీసింది. గీత పెడితే విలువ వెయ్యి రెట్లవుతుందని ఎక్కడో చదివిందట. బడిలో దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "3999 తర్వాత రోమన్ అంకెలు లేవు" అని రాసి పంపారు. ఇంటికొచ్చాక వాళ్ల తాతగారు చూసి, పది లక్షలంటే ఎం కాదనీ, ఎక్స్ రాసి పైన ఒక గీత, అటూ ఇటూ రెండు నిలువు గీతలు గీయాలనీ అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక పిల్ల ఆ చార్టును చుట్టి బీరువా మీద పడేసింది. ఈ మూడింటిలో ఏది నిజమో, దేనికి ఆధారం ఉందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా? మార్కుల గురించి నాకు బెంగ లేదు. పిల్ల అడిగినదానికి సరైన జవాబు ఇవ్వాలన్నదే నా తాపత్రయం.

కోడ్‌కారు
బడిలో చెప్పింది సరైనదేనని నా అభిప్రాయం. ఉన్నవి ఏడు అక్షరాలు. ఏ అక్షరాన్నీ వరుసగా మూడుసార్లకు మించి రాయకూడదు. నాలుగు వేలు రాయాలంటే ఐదు వేలకు ఒక అక్షరం ఉండాలి, అది లేదు. కాబట్టి 3999 దగ్గర ఆగిపోతుంది. ఎక్సెల్‌లో రోమన్ అంకెలుగా మార్చే ఫంక్షన్‌కు 4000 ఇచ్చి చూడండి, తప్పు చూపిస్తుంది.

లెక్కలమాస్టారు
ఎక్సెల్ ఆగిపోయిన చోట రోమన్లు కూడా ఆగిపోయారని అనుకోవడం న్యాయం కాదు. 3999 అనేది మనం బడిలో చెప్పే పాఠానికి హద్దు, అంతే. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒక పిల్లవాడు అడుగుతూనే ఉండేవాడు. అంకె మీద అడ్డగీత గీస్తే దాని విలువ వెయ్యి రెట్లవుతుంది. నాలుగు వేలు కావాలంటే ఐ, వీ రాసి ఆ రెండింటి మీదా కలిపి గీత గీయాలి. ఆ లెక్కన ఎం మీద గీత పెడితే వెయ్యి వేలు, అంటే పది లక్షలే. మీ అమ్మాయి రాసినదాంట్లో తప్పు లేదు నిర్మల గారూ.

చిన్నికృష్ణ_9
మరి తాతగారు చెప్పినది తప్పా మాస్టారూ?

శాసనప్రియ
తాతగారు చెప్పినది తప్పు కాదు సరికదా, ఈ మూడింటిలో అసలు రోమన్ల వాడుకకు దగ్గరగా ఉన్నది అదే. అక్కడికి వచ్చే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

వెయ్యికి ఎం అనే అక్షరం అంకెగా స్థిరపడింది బాగా తర్వాత, మధ్యయుగాల్లో. పాత శాసనాల్లో వెయ్యి గుర్తు వేరు. మధ్యలో ఒక నిలువు గీత, దానికి రెండు వైపులా చెరో అర్ధవలయం. టైపు చేయడానికి వీలుగా ఇలా రాస్తాను: (|). ఇందులో కుడి సగం మాత్రమే తీసుకుంటే |) అవుతుంది. వెయ్యిలో సగం ఐదు వందలు కదా! ఆ నిలువు గీతను అర్ధవలయానికి అతికించి చూడండి, డి అక్షరం కనిపిస్తుంది. ఐదు వందలకు డి ఎందుకు వచ్చిందని పిల్లలు అడిగితే చూపించవలసిన బొమ్మ ఇదే.

ఇక పెద్ద సంఖ్యలకు అర్ధవలయాలు పెంచుకుంటూ పోయారు. రెండు వైపులా ఒక్కొక్కటి పెంచితే పది రెట్లు. అంటే ((|)) పది వేలు, (((|))) లక్ష. వీటిలో కుడి సగాలు తీసుకుంటే |)) ఐదు వేలు, |))) యాభై వేలు. కోడ్‌కారు గారు ఐదు వేలకు గుర్తు లేదన్నారు, ఇదిగో ఉంది. ఒక గుర్తును మూడుసార్లకు మించి రాయకూడదన్న నియమం కూడా రోమన్లు ఖచ్చితంగా పాటించినది కాదు. రోమ్ నగరంలోని కొలోసియంలో 44వ ద్వారం మీద నలభైని ఎక్స్, ఎల్ అని తీసివేత పద్ధతిలో రాసి, పక్కనే నాలుగుకు నాలుగు నిలువు గీతలు చెక్కారు. ఒకే సంఖ్యలో రెండు పద్ధతులు ఉన్నాయి!

ఆమ్‌స్టర్‌డామ్_తెలుగు
శాసనప్రియ గారు చెప్పిన గుర్తులు ఇక్కడ ఆమ్‌స్టర్‌డామ్‌లో వెస్టర్‌కెర్క్ చర్చి మీద ఇప్పటికీ ఉన్నాయి. 1630 సంవత్సరాన్ని ఎం, డి లేకుండా (|) |) అని మొదలుపెట్టి, ఆ తర్వాత సీ, మూడు ఎక్స్‌లు చెక్కారు. కాకపోతే ఎడమ అర్ధవలయం స్థానంలో సీ అక్షరం, కుడివైపు తిరగేసిన సీ కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని ఎవరో మనిషి పేరు తాలూకు పొడి అక్షరాలు అనుకున్నాను. ఆ కాలంలో ఇక్కడ అచ్చయిన లాటిన్ పుస్తకాల ముఖపత్రాల మీద కూడా ప్రచురణ సంవత్సరాన్ని ఇలాగే వేసేవారు.

చిన్నికృష్ణ_9
అర్ధవలయాలు ఇంకొకటి పెంచితే ((((|)))) పది లక్షలు అయిపోతుంది కదా? మరి తాతగారు చెప్పిన మూడు గీతల పెట్టె అవసరం ఏమిటి?

శాసనప్రియ
తర్కం ప్రకారం నిజమే, కానీ వాళ్లు అలా చేయలేదు. రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర 33వ భాగంలో ఈ సంగతి ప్రస్తావించాడు. పూర్వులకు లక్షను మించిన సంఖ్య లేదనీ, అందువల్లనే తన కాలంలో కూడా లక్షనే గుణించి పది మార్లు లక్ష అనో, అంతకంటే ఎక్కువ మార్లనో చెబుతున్నారనీ రాశాడు.

లక్ష దాటవలసి వస్తే ఏమయ్యేదో చెప్పే రాయి ఒకటి ఉంది. క్రీ.పూ. 260లో సిసిలీ తీరాన మైలే దగ్గర సముద్ర యుద్ధంలో రోమ్‌కు శత్రువైన కార్తేజ్ నౌకాదళాన్ని రోమన్ సేనాని గాయుస్ డ్యుయిలియుస్ ఓడించాడు. ఆ విజయానికి గుర్తుగా రోమ్ నగర ప్రధాన కూడలి అయిన ఫోరంలో పట్టుకొచ్చిన ఓడల ముక్కులు తగిలించిన ఒక స్తంభం నిలబెట్టారు. మనకు దొరికిన శాసనం ఆ తర్వాత చక్రవర్తుల కాలంలో తిరిగి చెక్కినది, ఇప్పుడు రోమ్‌లోని కాపిటోలిన్ మ్యూజియంలో ఉంది. కొల్లగొట్టిన సొమ్ము మొత్తాన్ని చెప్పడానికి అందులో లక్ష గుర్తునే ఒకదాని పక్కన ఒకటిగా ఇరవైకి పైగా చెక్కారు. రాయి పగిలిపోవడం వల్ల చివర లెక్క తేలదు. ఒక్కొక్క గుర్తుకు ఆరు అర్ధవలయాలు, ఒక నిలువు గీత. ఆ శిల్పి ఉలి ఎన్నిసార్లు తిప్పి ఉంటాడో లెక్క వేసుకోండి.

నిర్మల_తెనాలి
అంటే వాళ్లకు లక్ష దగ్గరే సంఖ్యల పేర్లు అయిపోయాయన్నమాట. మనకు లక్ష తర్వాత కోటి ఉంది కాబట్టి నాకు ఈ ఇబ్బంది ఎప్పుడూ తోచలేదు. పది మార్లు లక్ష అని ఎలా పలికేవారు?

శాసనప్రియ
దేకియెస్ కెంతేనా మీలియా అనేవారు. దేకియెస్ అంటే పది మార్లు, తక్కిన రెండు మాటలకు కలిపి నూరు వేలు అని అర్థం. డబ్బు లెక్కల్లో రోజూ ఇంత పొడుగున చెప్పలేక, నూరు వేలు అన్న మాటలు వదిలేసి కేవలం "పది మార్లు సెస్టర్సులు" అనేవారు. సెస్టర్సు వాళ్ల నాణెం. మార్లు అన్న మాట వినబడగానే అది లక్షల లెక్క అని వినేవాడికి తెలిసిపోయేది.

ప్లాట్లు_పొలాలు
ఇందులో వింత ఏమీ లేదు. నేను దస్తావేజులు రాస్తాను, నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఇలాగే మాట్లాడతారు. "ఎకరం నలభై చెబుతున్నారు, ముప్పై ఎనిమిదికి దిగవచ్చు" అంటారు. లక్షలు అన్న మాట ఎవరి నోటా రాదు, కానీ ఎవరికీ అనుమానం కలగదు. కాగితం మీదకు వచ్చినప్పుడు మాత్రం "అక్షరాలా ముప్పై ఎనిమిది లక్షల రూపాయలు మాత్రమే" అని పూర్తిగా రాయకుండా నేను ముందుకు కదలను.

లెక్కలమాస్టారు
శాసనప్రియ గారి వివరణ చూశాక నాకు ఒక విషయం తట్టింది. ఇన్నేళ్లు పాఠం చెప్పి కూడా దీన్ని గమనించలేదు. కింద రాసినది నిర్మల గారు పిల్ల చేత చేయించి చూడండి.

12,34,567 అనే సంఖ్య తీసుకోండి. మన పద్ధతిలో రెండు కామాలు మూడు గదులు చేస్తాయి. 12 లక్షలు, 34 వేలు, ఆ పైన 567. ఇప్పుడు రోమన్ పద్ధతి చూడండి. పైనా ఇరువైపులా మూడు గీతలున్న పెట్టెలో పెడితే లక్ష రెట్లు, ఉత్త పైగీత పెడితే వెయ్యి రెట్లు, ఏ గీతా లేకపోతే ఉన్న విలువ. కాబట్టి పన్నెండును ఎక్స్, ఐ, ఐ అని రాసి పెట్టెలో పెట్టాలి. ముప్పై నాలుగును మూడు ఎక్స్‌లు, ఐ, వీ అని రాసి మీద గీత గీయాలి. 567ను డి, ఎల్, ఎక్స్, వీ, ఐ, ఐ అని మామూలుగా రాయాలి. మనం కామా పెట్టిన ప్రతిచోటా రోమన్ గీత మారుతోంది!

పాశ్చాత్య దేశాల్లో మూడేసి అంకెలకు ఒక కామా పెట్టి 1,234,567 అని రాస్తారు. వాళ్ల పిల్లలు ఈ పెట్టె గుర్తు చూసి లక్ష అనే మెట్టు ఎక్కడి నుంచి ఊడిపడిందని తికమకపడతారు. మన పిల్లలకు ఆ తికమక అక్కర్లేదు. లక్ష అనే మెట్టు వాళ్ల నాలుక మీదే ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్_తెలుగు
మాస్టారూ, ఈ టపా చదివి నేను కాగితం తీసుకుని నాలుగు సంఖ్యలు రాసి చూశాను. అచ్చం అలాగే కుదిరింది. ఇక్కడ బడిలో చదివే మా అబ్బాయికి చూపిస్తే ముందుగా కామాలు తప్పు పెట్టావన్నాడు.

కోడ్‌కారు
నేను మొదట అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. 3999 దాటి రాయడానికి రోమన్లకు దారులు ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంది. ఒకే పది లక్షలకు ఎం మీద గీత ఒక రూపం, పెట్టెలో ఎక్స్ ఇంకొక రూపం. ఒక సంఖ్యకు ఒకే రూపం ఉండాలన్న కట్టుబాటు లేకపోతే దాన్ని పద్ధతి అని ఎలా అంటాం? దీనికీ హద్దు ఉంది కదా. పెట్టెలో 3999 పెట్టి, పైగీత కింద 99, ఆ పక్కన 999 రాస్తే 39,99,99,999 వస్తుంది. నలభై కోట్లు అనగానే మళ్లీ ఆగిపోతాం.

శాసనప్రియ
రెండో మాటకు ముందు జవాబు చెబుతాను. ఆగస్టస్ చక్రవర్తి తన పనులన్నీ చెప్పుకున్న శాసనం తుర్కియేలోని అంకారాలో గుడి గోడ మీద ఉంది. సైనికులకు ఇవ్వడానికి పొలాలు కొన్నందుకు ఇటలీలో సుమారు ఆరు వేల మార్లు, ఇతర రాష్ట్రాల్లో సుమారు రెండు వేల ఆరు వందల మార్లు చెల్లించానని అందులో చెప్పాడు. ఆరు వేల లక్షలంటే అరవై కోట్లు, రెండోది ఇరవై ఆరు కోట్ల సెస్టర్సులు. రెండు మొత్తాలనూ అంకెల్లో కాకుండా మాటల్లో చెక్కించాడు. మనవాళ్లు కోటిని దాటాక "లక్ష కోట్లు" అని బడ్జెట్ వార్తల్లో రాస్తారు చూడండి, కొత్త పేరు పెట్టకుండా ఉన్న పేరునే గుణించడం అన్న మాట. రోమన్ల ఉపాయం కూడా ఇదే.

మొదటి అభ్యంతరం బలమైనదే, దాన్ని నేను కాదనను. ఇంకొక చిక్కు కూడా చెబుతాను. శాసనాల్లో అక్షరాల మీద అడ్డగీత ఉన్న ప్రతిచోటా వెయ్యి రెట్లని అర్థం కాదు. ఇది మాట కాదు, అంకె అని చెప్పడానికి కూడా అదే గీత గీసేవారు. ఊరి అధికారులిద్దరిని "ఇద్దరు మనుషులు" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు, ఆ రెండుకు వేసిన గీతల మీద ఇలాంటి అడ్డగీత తరచుగా ఉంటుంది. అక్కడ రెండు వేల మంది అధికారులని చదివితే ఊరు పట్టదు.

విశ్రాంత_క్యాషియర్
చాలాసేపటిగా చదువుతున్నాను. ప్లాట్లు_పొలాలు గారు "అక్షరాలా" అన్నారు కాబట్టి ఈ కథ ఇక్కడ చెప్పి తీరాలి.

ఆగస్టస్ భార్య లివియా క్రీ.శ. 29లో చనిపోయింది. ఆమెకు గాల్బా అనే యువకుడంటే అభిమానం. ఈయనే తర్వాత క్రీ.శ. 68లో చక్రవర్తి అయ్యాడు. తన వీలునామాలో ఆమె గాల్బాకు ఐదు వందల మార్లు సెస్టర్సులు, అంటే ఐదు వందల లక్షలు, మన లెక్కలో ఐదు కోట్లు రాసింది. మిగిలిన ఎవరికీ అంత పెద్ద మొత్తం రాయలేదు. ఆస్తికి వారసుడు ఆమె కొడుకు, చక్రవర్తి తిబేరియస్. ఆయన వీలునామా చూసి, మొత్తాన్ని మాటల్లో రాయలేదు, అంకెల్లోనే వేశారు కాబట్టి ఇది ఐదు వందల వేలు మాత్రమేనని తీర్పు చెప్పాడు. ఐదు కోట్లు ఐదు లక్షలు అయ్యాయి. ఆ ఐదు లక్షలు కూడా గాల్బా చేతికి రాలేదు. ఇదంతా రోమన్ చరిత్రకారుడు స్యూటోనియస్ తాను రాసిన గాల్బా జీవిత చరిత్రలో చెప్పాడు.

ఇప్పుడు మాస్టారు చెప్పిన గుర్తులతో దీన్ని రాసి చూడండి. డి అక్షరం మీద గీత ఉంటే ఐదు లక్షలు. అదే డి పెట్టెలో ఉంటే ఐదు కోట్లు. తేడా అటొకటి ఇటొకటి రెండు చిన్న నిలువు గీతలు. నాలుగు కోట్ల తొంభై ఐదు లక్షలు ఆ రెండు గీతల్లో ఉన్నాయి. నేను బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ అక్షరాల్లో మొత్తం రాయని చెక్కు వస్తే తిప్పి పంపేవాణ్ని, అంత చిన్నదానికి ఎందుకంత పట్టుదల అని జనం విసుక్కునేవారు. మన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. అంకెలకూ అక్షరాలకూ పొంతన కుదరకపోతే అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుందని దాని 18వ సెక్షన్ చెబుతుంది.

ప్లాట్లు_పొలాలు
ఈ కథ మా ఆఫీసు గోడకు తగిలించవలసినది. మాటల్లో రాస్తే ఒక అంగుళం చోటు ఎక్కువ పడుతుందని బతిమాలేవాళ్లకు చూపిస్తాను.

కోడ్‌కారు
నేను అభ్యంతరం చెప్పిన సంగతికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. ఒకే గీత మూడు విధాలుగా చదవడానికి వీలున్నప్పుడు, బలవంతుడు తనకు లాభమైన విధంగా చదువుకుంటాడు.

లెక్కలమాస్టారు
అందుకు అంకెలను తప్పుపట్టలేను. ఆ రోజుల్లో అంకెలు లెక్క చేయడానికి కాదు, వచ్చిన జవాబును రాసి పెట్టుకోవడానికి. ఆ పని వరకు అవి బాగానే పనికొచ్చాయి.

చిన్నికృష్ణ_9
మరి లెక్క దేనితో చేసేవారు? పెట్టెలో ఉన్న సంఖ్యను ఇంకొక పెట్టె సంఖ్యతో హెచ్చించడం ఎలాగో నాకు ఊహకు అందడం లేదు.

శాసనప్రియ
గులకరాళ్లతో, గాడుల్లో జరిగే గుండ్లతో చేసేవారు. రోమన్ల చేతి అబాకస్ కంచుతో చేసినవి కొన్ని మిగిలి ఉన్నాయి. అరచేతిలో పట్టేంత పలక. పూర్ణ సంఖ్యలకు ఏడు నిలువు గాడులు, ఒక్కొక్క గాడిలో కింద నాలుగు గుండ్లు, పైన పొట్టి గాడిలో ఐదుకు గుర్తుగా ఒక గుండు. ఏ గాడి దేనిదో తెలియడానికి మధ్యలో గుర్తులు చెక్కి ఉంటాయి. కుడి నుంచి ఎడమకు ఒకటి, పది, వంద, ఆ తర్వాత (|), ((|)), (((|))). ఆరు గాడులు అయ్యాయి. ఏడోది, అన్నిటికంటే ఎడమన ఉన్నది, పది లక్షల గాడి. చిన్నికృష్ణ గారు అడిగిన నాలుగు అర్ధవలయాల గుర్తు అక్కడ ఉండదు. దాని మీద ఉన్నది పెట్టెలో ఎక్స్.

నిర్మల గారూ, మీ తాతగారి మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అమ్మాయి రాసిన ఎం మీద గీత కూడా ఇప్పటి నియమాల ప్రకారం చెల్లుతుంది. రోమన్ వ్యాపారి చేతిలో పలక మీద ఉన్నది మాత్రం తాతగారు గీసినదే.

నిర్మల_తెనాలి
నిన్న రాత్రి భోజనాలయ్యాక మీ అందరి టపాలూ అమ్మాయికి చదివి వినిపించాను. గాల్బా కథ రెండుసార్లు చదివించుకుంది. తాతగారు పొద్దున్నే బీరువా మీది చార్టు తానే దించి, దుమ్ము దులిపి ఇచ్చారు. ఎర్ర సిరా గీత కింద ఇంకా నాలుగు అంగుళాల చోటుంది. అక్కడ వెయ్యి నుంచి లక్ష దాకా అర్ధవలయాల గుర్తులు, వాటి పక్కన మాస్టారు చెప్పిన 12,34,567ను కామాలతో సహా వేస్తానంటోంది. పది లక్షలకు రెండు రూపాలూ రాసి, వాటి కింద "అక్షరాలా పది లక్షలు" అని కూడా రాస్తుందట. సోమవారం నేనే బడికి వెళ్లి టీచరు గారికి చూపించి మాట్లాడతాను. పెట్టెకు పెన్సిలు గీతలు గీసింది గానీ, ఆ నిలువు గీతలు ఎక్స్‌కు ఎంత దగ్గరగా ఉండాలని అడుగుతోంది.

లెక్కలమాస్టారు
కొంచెం ఎడంగా, పైగీత అంచులకు ఆనేటట్టు గీయమనండి. ఎక్స్‌ను ఆనుకుని పొట్టిగా గీస్తే వాటిని ఐ అక్షరాలనుకుని చదివే ప్రమాదం ఉంది.